జపాన్ ఇంటి వంట మన వంటింట్లో: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ వంట మొదలుపెట్టాలనుకునే తెలుగువాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. హోటల్ వంట కాదు, అక్కడి ఇళ్లలో రోజూ పొయ్యి మీదికెక్కే వంట గురించే ఇక్కడ మాట్లాడుకుందాం. కొలతల్లో టీస్పూన్ అంటే 5 మి.లీ., టేబుల్ స్పూన్ అంటే 15 మి.లీ. విడిగా చెప్తే తప్ప ప్రతి వంటకమూ ఇద్దరికి సరిపోతుంది.

జపాన్ వంటంటే సుషీ కదా? పచ్చి చేప మా ఇంట్లో ఎవరు తింటారు?

సుషీ అక్కడివాళ్లకి కూడా ఎక్కువగా బయట తినేదే. ఇంట్లో అయితే అన్నం, సూపు, ఊరవేసిన కూరగాయ ముక్కలు, వాటి పక్కన ఒక ముఖ్యమైన వంటకం, రెండు చిన్న చిన్న కూరలు. ఈ అమరికను ఇచిజు-సన్సాయ్ అంటారు. సూపు ఒకటి, వంటకాలు మూడు అన్నమాట. ఆఫీసుకు పరిగెత్తే రోజున మూడూ ఎవరూ చెయ్యరు, సూపూ ఒక కూరా ఉంటే గడిచిపోతుంది. 2013లో యునెస్కో 'వాషోకు' పేరుతో తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా ఈ భోజన సంప్రదాయాన్నే, ఫలానా వంటకాన్ని కాదు. కాబట్టి సుషీ చుట్టే వెదురు చాప కొనడం పక్కన పెట్టండి. దాని అవసరం చాలాకాలం రాదు.

మరి మొదట ఏం కొనాలి?

జపాన్ సోయా సాస్ (షోయు), మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), ఎండు కొంబు. కొంబు అంటే సముద్రపు నాచు, మందపాటి ఆకులా ఉంటుంది. ఈ మూడూ చాలు. డబ్బులు మిగిలితే మిరిన్ (వంటలో వేసే తియ్యటి బియ్యపు మద్యం), బియ్యపు వెనిగర్, నోరి (కాగితంలా పల్చటి నాచు) ఆకులు. నువ్వులు, అల్లం, ఉల్లికాడలు ఎలాగూ ఇంట్లో ఉంటాయి.

ఫ్రైడ్ రైస్‌లో వాడే చిక్కటి నల్ల సోయా సాస్ మాత్రం దీనికి పనికిరాదు. రంగే తప్ప వాసన ఉండదు. షోయు సోయా గింజలు, గోధుమలు కలిపి నెలల తరబడి పులియబెట్టి చేసేది. సీసా మీద 'సహజంగా పులియబెట్టినది' అని ఉందో లేదో చూసుకోండి. గోధుమ పడనివాళ్లు తమారి అనే రకంలో గోధుమ లేనిది వెతుక్కోవాలి. తమారి అన్నంత మాత్రాన గోధుమ లేదని అనుకోవద్దు, పదార్థాల జాబితా చదవాల్సిందే. ఇంకొకటి, ఉసుకుచి అనే లేత రంగు షోయు దొరుకుతుంది. రంగు తక్కువ కాబట్టి ఉప్పు కూడా తక్కువ అనుకుని పోసేస్తారు. నిజానికి మామూలు దానికన్నా అందులోనే ఉప్పు ఎక్కువ.

అందరూ దాషి, దాషి అంటారు. అది లేకుండా కుదరదా?

కుదరదు. ఈ ప్రశ్నలన్నిట్లో దేనికైనా నేను మొహమాటం లేకుండా 'కుదరదు' అంటానంటే దీనికే. మన కూరకు రుచి నూనెలో, పోపులో మొదలవుతుంది. అక్కడ నీళ్లలో మొదలవుతుంది. దాషి అంటే ఆ రుచి పట్టిన నీళ్లు. అది సరిగా కుదిరితే ఉప్పు, షోయు కొంచెం తగిలించినా వంట నిలబడుతుంది. అది లేకుండా ఎన్ని సీసాలు ఒంపినా ఉప్పగా ఉంటుందే తప్ప రుచి రాదు.

లీటరు నీళ్లకు 10 గ్రాముల కొంబు, సుమారు అరచేయంత ముక్క. దాని మీద తెల్లగా పొడి పట్టి ఉంటుంది. అది బూజు కాదు, కడగొద్దు. తడి గుడ్డతో ఇసుక మాత్రం తుడిచి నీళ్లలో వేసి అరగంట నాననివ్వండి. తర్వాత సన్న సెగ మీద పెట్టి, గిన్నె అడుగున చిన్న బుడగలు పట్టడం మొదలవగానే కొంబు తీసెయ్యండి. తెర్లనిస్తే నీళ్లు జిగురెక్కి నాచు కంపు వస్తుంది. అప్పుడు నీళ్లను మరిగించి, పొయ్యి ఆపి, 20 నుంచి 30 గ్రాముల కత్సువోబుషి వెయ్యాలి. ఇది పొగ పట్టించి ఎండబెట్టిన చేపను చిత్రిక పట్టినట్టు పల్చగా తీసిన పెచ్చులు. వెయ్యగానే నీళ్ల మీద రెపరెపలాడి మెల్లగా కిందికి దిగుతాయి. రెండు నిమిషాలాగి గుడ్డలో వడకట్టండి. గట్టిగా పిండకూడదు, పిండితే చేదు దిగుతుంది. లేత బంగారు రంగులో, పొగ వాసనతో వస్తుంది. ఒక గుటక తాగి చూడండి. చప్పగా ఉన్నట్టే ఉండి నాలుక వెనక చాలాసేపు నిలుస్తుంది.

ఆ నిలిచే రుచి ఏమిటో 1908లో టోక్యో విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా కొంబు నీళ్ల నుంచే వేరు చేసి పట్టుకున్నాడు. గ్లుటామేట్ అది. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఎండు చేపలో ఇనోసినేట్ అనే మరో పదార్థం ఉంటుంది. ఈ రెండూ కలిస్తే రుచి రెట్టింపు కాదు, అంతకన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే కొంబూ చేపా జోడీగా వేస్తారు.

మేం శాకాహారులం. చేప లేకుండా దాషి వస్తుందా?

భేషుగ్గా వస్తుంది. కొంబుతో పాటు నాలుగైదు ఎండు షియితాకే పుట్టగొడుగులు చల్లటి నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున వడకట్టుకుంటే చాలు, పొయ్యితో పనే లేదు. షియితాకేలో ఉండే గ్వానిలేట్ కూడా కొంబు రుచిని చేపలాగే పెంచుతుంది. తొందరపడి వేడి నీళ్లలో నానబెట్టకండి, చల్లటి నీళ్లలో నిదానంగా నానితేనే రుచి బాగా వస్తుంది.

జపాన్ బౌద్ధ మఠాల వంట, షోజిన్ ర్యోరి, ఈ దాషి మీదే నడుస్తుంది. అందులో మాంసం, చేపే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మన ఇళ్లలో మడి వంటకో, వ్రతానికో ఉల్లి మానేసేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి వంట ఆ దేశంలో లేదు. జెన్ గురువు దోగెన్ 1237లోనే మఠంలో వంటవాడి విధుల గురించి ఒక గ్రంథం రాశాడంటే వాళ్లు వంటను ఎంత పట్టించుకున్నారో చూడండి.

జాగ్రత్త మాత్రం అవసరం. జపాన్ సరుకుల్లో చేప ఎక్కడ నక్కి ఉంటుందో చెప్పలేం. 'దాషి కలిపిన మిసో', నూడుల్స్‌లో పోసుకునే మెంత్సుయు, పొట్లాల్లో వచ్చే సూపు పొడులు, ఆఖరికి కూరగాయల ఊరగాయల్లో కూడా. పదార్థాల జాబితాలో కత్సువో అని ఉంటే చేపే. జపాన్ కర్రీ చిక్కబడేందుకు వేసే రూ బిళ్లల్లో పశువుల కొవ్వో, పంది కొవ్వో ఉండడం మామూలు. టోక్యోలో నిషి-కసాయ్ లాంటి చోట ఉంటున్న మనవాళ్లు కొట్టు మనిషి మాట కన్నా పొట్లం వెనక వైపు రాసిందే నమ్మడం మంచిది.

మన ఎండు నెత్తళ్లతో దాషి చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. జపాన్‌లో నిబోషి అనే దాషి రకం సరిగ్గా ఆ జాతి చిన్న చేపలతోనే చేస్తారు. తేడా ఏమిటంటే వాళ్లు చేపను ముందు ఉడికించి ఆ తర్వాత ఎండబెడతారు. మన తీరంలో ఎక్కువగా పచ్చివే ఎండలో ఆరేస్తారు, కొన్నిటికి ఉప్పు కూడా పట్టిస్తారు. అందుకని మనవాటికి వాసన ఘాటుగా ఉంటుంది, ఇసుక కూడా ఉండొచ్చు. తల, పొట్టలో నల్లటి భాగం గిల్లేసి, బాగా కడిగి, పొడి మూకుడులో కొద్దిగా వేయించి, అరగంట నానబెట్టి, సన్న సెగ మీద అయిదారు నిమిషాలు కాగనివ్వండి. ఉప్పు చూసుకుని మిసో తగ్గించండి. కత్సువోబుషి అంత సుకుమారంగా ఉండదు కానీ మిసో సూపుకు నాకు ఇదే ఇష్టం.

పొడి దాషి వాడితే తప్పా?

తప్పేం లేదు, జపాన్‌లో సగటు ఇల్లాలు వాడేదీ అదే. అందులో ఉప్పు ఉంటుందని మాత్రం మరచిపోవద్దు.

మిసో సూపు ఎలా చెయ్యాలి?

దాషి 400 మి.లీ. వేడి చేసి, 150 గ్రాముల టోఫు చిన్న ముక్కలు, ఒక టీస్పూన్ ఎండు వకమే నాచు వెయ్యండి. వకమే నానితే పది రెట్లు ఉబ్బుతుంది, చూడ్డానికి తక్కువగా ఉందని గుప్పెడు వేసేస్తే గిన్నె నిండా నాచే. పొయ్యి ఆపి, గరిటెలోకి రెండు టేబుల్ స్పూన్ల మిసో తీసుకుని, అందులోనే కొంచెం వేడి దాషి పోసి చెంచాతో మెదిపి, గిన్నెలో కలపండి. పైన ఉల్లికాడలు. మిసో వేశాక తెర్లనివ్వకూడదు, దాని సువాసన ఆవిరైపోతుంది. టోఫు బదులు బంగాళదుంప, ముల్లంగి, వంకాయ, క్యాబేజీ ఏదైనా వేసుకోవచ్చు. అవి ముందు దాషిలో ఉడకాలి, అంతే.

మిసోల్లో బోలెడు రకాలు. క్యోటో తెల్ల మిసో తియ్యగా, ఉప్పు తక్కువగా ఉంటుంది. ఒకజాకి ఊరి హచ్చో మిసో సోయాతోనే చేస్తారు, దాదాపు నల్లగా, ఒగరుగా ఉంటుంది. మొదటిసారి కొనేవాళ్లకు లేత గోధుమ రంగులో ఉండే నాగానో వైపు షిన్షూ మిసో మేలు. ఎర్ర మిసోలో ఉప్పు 12 శాతం దాకా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు కొలిచి వేసుకోండి. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు కొంబు రోజూ వాడే ముందు డాక్టర్ని అడగండి, అందులో అయోడిన్ చాలా ఎక్కువ.

తెరిచిన మిసో డబ్బా ఎన్నాళ్లుంటుంది?

ఫ్రిజ్‌లో మూత బిగించి పెడితే నెలల తరబడి. రంగు ముదిరితే భయం లేదు.

సోనా మసూరితో జపాన్ అన్నం వండొచ్చా?

దాషి కూరలకి పక్కన పెట్టుకోవడానికైతే ఏ అన్నమైనా సరే. కానీ చాప్‌స్టిక్స్‌తో ముద్దగా లేవాలన్నా, ఒనిగిరి (లోపల పూర్ణం పెట్టిన అన్నం ముద్ద) చుట్టాలన్నా పొట్టి గింజ జపాన్ బియ్యమే కావాలి. కొషిహికారి అందరికీ తెలిసిన రకం. వాటిలో అమైలోజ్ అనే పిండి పదార్థం తక్కువ, అందుకే మెతుకు మెతుకుని పట్టుకుంటుంది, చల్లారినా గట్టిపడదు.

ఇక్కడ రెండు ప్రాంతాల అభిరుచీ పూర్తిగా ఎదురెదురు. మనం పాత బియ్యం కోసం కొట్టువాడితో బేరమాడతాం, అన్నం పొడిపొడిగా రావాలని. వాళ్లు శరదృతువులో కోతలవగానే వచ్చే కొత్త బియ్యం, షిన్మాయ్, కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. కాబట్టి జపాన్ బియ్యం దొరకని ఊళ్లో, ఇంట్లో అందరూ తిట్టుకునే కొత్త సోనా మసూరి మీకు పనికొస్తుంది. కొంచెం నీళ్లెక్కువ పోసి మెత్తగా వండితే వేడి మీద ముద్ద నిలుస్తుంది. చల్లారాక విరుగుతుంది, అది తప్పదు.

జపాన్ బియ్యం వండే తీరు: అక్కడ బియ్యం కప్పు అంటే 180 మి.లీ., మామూలు వంట కప్పు 200 మి.లీ. ఈ రెండూ కలిపేసుకుంటే అన్నం చెడుతుంది. రెండు బియ్యం కప్పులు తీసుకుని, మొదటి నీళ్లు పోయగానే వెంటనే వంపెయ్యండి, లేకపోతే ఆ తవుడు వాసన బియ్యం పీల్చుకుంటుంది. తర్వాత మూడు నాలుగు సార్లు మెత్తగా కడగండి. నలిపితే గింజ విరుగుతుంది. 430 మి.లీ. నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూతపెట్టి పెద్ద మంట మీద తెర్లనిచ్చి, సన్న సెగకు తగ్గించి 12 నిమిషాలు, ఆపి మరో 10 నిమిషాలు మూత తియ్యకుండా ఉమ్మగిలనివ్వాలి. గంజి వార్చే పని లేదు, ఉప్పూ వెయ్యరు. మూత తీశాక అడుగు నుంచి పైకి, మెతుకు నలక్కుండా ఒకసారి తిరగెయ్యండి. ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అయినా నీళ్ల లెక్క ఇదే. ప్రెషర్ కుక్కర్ మాత్రం వద్దు, చిమిడిపోతుంది.

ఒనిగిరి పిల్లల లంచ్ బాక్సులో పెట్టొచ్చా?

పెట్టొచ్చు. అన్నం వేడిగా ఉన్నప్పుడే చెయ్యాలి, చల్లారాక అంటుకోదు. చెయ్యి తడి చేసుకుని రెండు వేళ్లతో ఉప్పు తీసి చేతికి రాసుకుని, మధ్యలో గుంట చేసి పూర్ణం పెట్టి మూడు మూలలుగా అదమండి. గట్టిగా పిసక్కూడదు, లోపల గాలి ఉండాలి. జపాన్‌లో లోపల ఉమెబోషి అనే ఉప్పులో ఊరిన పుల్లటి పండో, కాల్చిన సాల్మన్ చేపో పెడతారు. మన ఇంట్లో ఉసిరికాయ పచ్చడి చిన్న ముక్క పెడితే ఆ పులుపు, ఆ ఉప్పు దగ్గరగానే వస్తాయి. మాగాయ కూడా బాగుంటుంది. నూనె మాత్రం పిండెయ్యండి, లేకపోతే ముద్ద విడిపోతుంది.

మన ఎండలతోనే భయం. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. డబ్బాలో పెట్టే ముద్దలు చుట్టేటప్పుడు మాత్రం ఉత్త చేత్తో కాకుండా ప్లాస్టిక్ రేకు వాడండి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, ఏప్రిల్, మేల్లో మధ్యాహ్నం దాకా బయట ఉంచే డబ్బాలో అసలు పెట్టొద్దు. జపాన్ తల్లులు కూడా వేసవిలో డబ్బాతో పాటు మంచు పొట్లం పెట్టి పంపుతారు.

మిరిన్, సాకేలో మద్యం ఉంటుంది కదా? అవి లేకుండా?

అసలు మిరిన్‌లో 14 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది, ఉడికినా కొంత మిగలొచ్చు. వద్దనుకుంటే ఒక టేబుల్ స్పూన్ మిరిన్‌కి బదులు ఒక టీస్పూన్ పంచదార, రెండు టీస్పూన్ల నీళ్లు. సాకే (బియ్యపు మద్యం) బదులు దాషే పొయ్యండి. మిరిన్ ఇచ్చే మెరుపు రాదు, తినేవాళ్లకు అది తెలియను కూడా తెలియదు.

గుడ్డూ చికెనూ ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో ఏదైనా?

ఒయాకొదోన్. టోక్యోలోని తమహిదే అనే పాత హోటల్లో 1891లో పుట్టిందని చెప్తారు. చిన్న మూకుడులో దాషి 150 మి.లీ., షోయు రెండు టేబుల్ స్పూన్లు, మిరిన్ రెండు టేబుల్ స్పూన్లు, పంచదార ఒక టీస్పూన్ మరిగించండి. సగం ఉల్లిపాయ నిలువు చీరికలు, ఎముక లేని చికెన్ తొడ ముక్కలు 200 గ్రాములు వేసి ఆరేడు నిమిషాలు ఉడకనివ్వండి. మూడు గుడ్లు పగలగొట్టి చాప్‌స్టిక్‌తోనో ఫోర్క్‌తోనో నాలుగైదు సార్లు కదిపి వదిలెయ్యండి. ఆమ్లెట్‌కి గిలక్కొట్టినట్టు గిలక్కొడితే పాడవుతుంది, తెల్లసొన విడిగా, పచ్చసొన విడిగా చారలు కనపడాలి. మూడింట రెండు వంతులు చుట్టూ పోసి నిమిషం ఆగి, మిగతాది మధ్యలో పోసి మూత పెట్టండి. అక్కడ గుడ్డు సగం పచ్చిగానే దింపుతారు, వాళ్ల గుడ్లు పచ్చిగా తినేందుకు తగ్గట్టు శుభ్రపరిచి అమ్ముతారు. మనం పూర్తిగా ఉడకనిద్దాం. రసంతో సహా వేడన్నం మీదకు జార్చేయండి.

కూరగాయలతో?

పాలకూరతో గోమాఎ చెయ్యండి, నువ్వులంటే ఇష్టపడే ఇంట్లో పేచీ ఉండదు. తెల్ల నువ్వులు మూడు టేబుల్ స్పూన్లు చిటపటమనే దాకా వేయించి రోట్లో నూరండి. మెత్తటి పొడి చెయ్యొద్దు, సగం గింజలు కనిపించాలి. రోట్లోనే ఒక టేబుల్ స్పూన్ షోయు, ఒకటి పంచదార కలపండి. పాలకూర కట్ట కాడలతో సహా వేడినీళ్లలో నిమిషం ఉంచి, చన్నీళ్లలో ముంచి, నీరంతా పోయేలా గట్టిగా పిండి, రెండంగుళాల ముక్కలుగా కోసి రోట్లో వేసి కలపడమే. పిండడం దగ్గర బద్ధకిస్తే పళ్లెంలో నల్లటి నీళ్ల మడుగు మిగులుతుంది. బీన్స్‌తోనూ ఇదే పద్ధతి.

పావు కిలో కీరాకు 5 గ్రాముల ఉప్పు, అల్లం చీరికలు కలిపి, బరువు పెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే అసాజుకే, అంటే అప్పటికప్పుడు తినే ఊరగాయ.

కారం లేకపోతే మా ఇంట్లో ముద్ద దిగదు. పోపు పెట్టొచ్చా?

పోపు వద్దు. ఇంగువ, ఆవాల ముందు దాషి వాసన ఒక్క క్షణం నిలబడదు, ఇక అంత కష్టపడి కాచినదెందుకు? కారం కావాలంటే జపాన్ పద్ధతిలోనే ఉంది. షిచిమి అని ఏడు దినుసుల పొడి, ఎండుమిర్చి, నువ్వులు, నారింజ తొక్క, సన్షో మిరియం లాంటివి కలిపినది. సూపు మీద, ఒయాకొదోన్ మీద ఎవరికి కావలసినంత వాళ్లు చల్లుకోవచ్చు.

టెంపురాకీ బజ్జీకీ తేడా ఏమిటి?

శనగపిండి లేదు, ఉప్పూకారం లేవు. ఒక గుడ్డు, మంచు నీళ్లు కలిపి 200 మి.లీ. చేసి, 100 గ్రాముల మైదా వేసి నాలుగు తిప్పులు తిప్పండి. ఉండలుండాలి, పిండి పూర్తిగా కలిస్తే పైపొర సాగుతుంది. కూరగాయ ముక్కలు ఇందులో ముంచి 170 డిగ్రీల నూనెలో వేయించి, నాలుగు వంతుల దాషి, ఒక వంతు షోయు, ఒక వంతు మిరిన్ కాచిన రసంలో ముంచి తినాలి. పదహారో శతాబ్దంలో వచ్చిన పోర్చుగీసువాళ్ల దగ్గర నేర్చుకున్న వేపుడు ఇది.

జపాన్ కర్రీ మనదేనా?

దారి మళ్లి వెళ్లింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, మెయిజీ చక్రవర్తి కాలంలో బ్రిటిష్‌వాళ్ల చేతుల మీదుగా కర్రీ పౌడర్ చేరింది, అందుకే అది మైదాతో చిక్కబడుతుంది. స్వాతంత్ర్య యోధుడు రాస్‌బిహారి బోస్ జపాన్‌లో తలదాచుకున్నాక, 1927లో షింజుకులోని నకామురాయాలో అసలు భారతీయ కూరను పరిచయం చేశాడు. ఆ కొట్టులో ఇప్పటికీ అది దొరుకుతుంది.

ఇంట్లో నలుగురికి: నెయ్యి మూడు టేబుల్ స్పూన్లలో మైదా నాలుగు టేబుల్ స్పూన్లు సన్న సెగ మీద ఎర్రబడే దాకా, పది పదిహేను నిమిషాలు ఓపికగా తిప్పి, కర్రీ పౌడర్ ఒకటిన్నర టేబుల్ స్పూన్ కలిపి దించండి. ఉల్లి, క్యారెట్, బంగాళదుంప 800 మి.లీ. నీళ్లలో ఉడికాక ఆ ముద్ద కరిగించి, తురిమిన ఆపిల్ పావు ముక్క, షోయు ఒక చెంచా, తగినంత ఉప్పు. బిళ్లల్లో ఉండే కొవ్వు గొడవ లేదు.

జ్వరం వచ్చినవాళ్లకు?

ఒకయు. ఒక వంతు బియ్యానికి అయిదు వంతుల నీళ్లు, పెద్ద గిన్నెలో సన్న సెగ మీద ముప్పావు గంట, కలపకుండా. చివర్లో ఉప్పు, పైన ఉమెబోషి. జనవరి 7న ఇదే జావలో ఏడు రకాల ఆకులు వేసి ఊరంతా తింటారు.

దాషి తీశాక మిగిలిన కొంబు పారెయ్యాలా?

పారెయ్యకండి. నాలుగైదుసార్లవి డీప్ ఫ్రీజర్‌లో పోగుచేసి, అగ్గిపుల్లంత సన్నగా కోసి, మునిగేలా నీళ్లు పోసి ఒక టీస్పూన్ వెనిగర్ వెయ్యండి, నాచు మెత్తబడుతుంది. ఇరవై నిమిషాలయ్యాక షోయు, మిరిన్ రెండేసి టేబుల్ స్పూన్లు, పంచదార ఒక టీస్పూన్ వేసి నీరంతా ఇగిరిపోయే దాకా ఉంచి, నువ్వులు చల్లి దించండి. కత్సువోబుషి పిప్పి కూడా ఇందులోనే వెయ్యొచ్చు. వారం రోజులు ఫ్రిజ్‌లో నిలవుంటుంది, వేడన్నంలోకీ ఒనిగిరి లోపలికీ పనికొస్తుంది.